ఆరుగురు పనివాళ్లు, రెండు యుద్ధాలు

2010లో స్టార్‌క్రాఫ్ట్ టూ మొదలవగానే తెర మీద ఒక స్థావరం, దాని పక్కన ఆరుగురు పనివాళ్లు కనిపించేవారు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఫోర్‌లోనూ ఊరి నడుమ ఒక భవనం, ఆరుగురు పనివాళ్లు, కాకపోతే దారి చూసే గుర్రపు రౌతు ఒకడు అదనం. పాత స్టార్‌క్రాఫ్ట్ నలుగురితో మొదలయ్యేది. గుంటూరు నెట్ సెంటర్లలో ఒక తరం పెరిగిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ టూ అయితే ముగ్గురితోనే. పనివాళ్లను పెంచారంటే మొదటి రెండు నిమిషాల ఖాళీ తగ్గించి, ఆటగాణ్ణి త్వరగా పోరులోకి దించాలని రెండు కంపెనీలూ అనుకున్నాయన్నమాట. ఆలోచన ఒకటే అయినా, మల్టీప్లేయర్ బీటాలు బయటికొచ్చినప్పుడు ఆటగాళ్ల తొలి మాటలకు మాత్రం ఎక్కడా పొంతన లేదు. ఎందుకని అడిగితే జవాబు సగం ఆటల్లో ఉంది, సగం ఆడేవాడు కూర్చున్న చోట ఉంది.

ఈ తరహా ఆటల్లో చదరంగంలోలాగా వంతులు ఉండవు. పంట, కట్టెలు, బంగారం పోగేయడం, సైన్యాన్ని తయారు చేయడం, ఎదుటివాడి మీదికి పంపడం అన్నీ ఒకేసారి జరగాలి, అవతలివాడూ అదే సమయంలో అదే పని చేస్తుంటాడు. బీటా అంటే విడుదలకు ముందు కొందరి చేతికిచ్చి ఆడించి చూసే కాలం. స్టార్‌క్రాఫ్ట్ టూ బీటా 2010 ఫిబ్రవరి 17న మొదలైంది, ఆట జూలై 27న వచ్చింది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఫోర్‌కు 2021 ఆగస్టులో ఎంపిక చేసినవాళ్లకు ఒక బీటా పెట్టి, సెప్టెంబర్ 17 నుంచి ఓ వారాంతం అడిగినవాళ్లందరికీ తలుపు తీశారు. ఆట అక్టోబర్ 28న విడుదలైంది.

2010 నాటికి గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట సందుల్లో ఈ ఆటలు బతికింది లాన్ మీద. ఒకే గదిలో కంప్యూటర్లను తీగతో కలిపితే చాలు, బయటి ఇంటర్నెట్ ఉన్నా లేకున్నా ఆట ఆగదు. వడ్లమూడి, నరసరావుపేట, ఒంగోలు ఇంజినీరింగ్ హాస్టళ్లలోనూ అదే పద్ధతి. ఓడినవాడు లేస్తే వెనక నిలబడ్డవాడు కూర్చుంటాడు. రాత్రి కరెంటు పోతే గెలుపు ఎవరిదన్న తగువు మెస్సు దాకా సాగుతుంది. అలాంటి చోటికి స్టార్‌క్రాఫ్ట్ టూ కబురు వచ్చింది. ఈ ఆటలో లాన్ ఉండదని, మల్టీప్లేయర్ మొత్తం బ్యాటిల్‌నెట్ అనే ఆన్‌లైన్ సర్వీసు గుండానే నడుస్తుందని ఆటను తయారుచేసిన బ్లిజార్డ్ 2009లోనే చెప్పేసింది. కాబట్టి ఇక్కడివాళ్ల తొలి అభిప్రాయం బీటా కంటే ముందే ఏర్పడింది. అది కోపం.

కోపం ఉన్నా కుతూహలం తగ్గలేదు. బీటాలోకి రానిచ్చే కీలు కొద్దిమందికే దక్కాయి. మాలో ఎక్కువమంది ఆ ఆటను ఆడటం కంటే ముందు చూశారు. హస్కీ, హెచ్‌డీ అనే ఇద్దరు వ్యాఖ్యాతలు బీటా ఆటలకు మాటలు కలిపి యూట్యూబ్‌లో పెట్టేవారు, బీటా ఉండగానే హెచ్‌డీహెచ్ పేరుతో పోటీ కూడా నడిపారు. చూసి ఏర్పరచుకున్న అభిప్రాయం వేరు, ఆడి ఏర్పరచుకున్నది వేరు. వీడియోలో మెరైన్లు బేన్‌లింగుల గుంపును చూసి చీలిపోతుంటే ఒళ్లు జలదరించేది. బేన్‌లింగ్ దగ్గరకొచ్చి పేలితే చుట్టూ ఉన్న సైనికులంతా పోతారు, అందుకని ఆటగాడు తన దళాన్ని రెప్పపాటులో పాయలు పాయలుగా విడదీయాలి. నాలాంటివాడి చేతికి ఆట వచ్చాక అదే పని దూరపు సర్వర్ మీద చేయబోతే ఆజ్ఞ కాస్త ఆలస్యంగా అందేది. ఆ కాస్తలోనే పది మంది మెరైన్లు బూడిద. వేళ్లు తప్పేమీ చేయలేదు, ఆలస్యం చేసింది తీగ. స్టార్‌క్రాఫ్ట్ టూ గొప్పదనమంతా రెప్పపాటులో ఉంది కనుక, ఆ రెప్పపాటు అందనివాడికి ఆ గొప్పదనమే శిక్ష అయింది.

పాత ఆటలో ఆరితేరినవాళ్ల ఫిర్యాదు పూర్తిగా వేరే. ఆట మరీ తేలికైందన్నారు. ముందు ఒక దఫా పన్నెండు మందినే ఎంచుకోగలిగేవాళ్లం, ఇప్పుడు ఎంతమందినైనా ఎంచుకోవచ్చు. పుట్టిన ప్రతి పనివాణ్ణీ విడిగా గనికి పంపాల్సిన అవసరం పోయింది. సైనికుల్ని తయారుచేసే బ్యారక్స్ అన్నిటినీ ఒకే మీటతో పట్టుకోవచ్చు. చేతి కష్టం తగ్గితే నేర్పుకు విలువేముందన్నది వాళ్ల వాదం. నేను ఒప్పుకోను. చేతికి మిగిలిన సమయం ఆలోచనకు పోయింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగిన పోటీలే దానికి రుజువు. మరో ఫిర్యాదు మ్యాపుల గురించి. స్టెప్స్ ఆఫ్ వార్ అనే మ్యాపులో రెండు స్థావరాల మధ్య దూరం మరీ తక్కువ, తొలి దాడికి తట్టుకున్నవాడే గెలిచినట్టు. ఇది న్యాయమైన ఫిర్యాదే, అయితే మ్యాపులు మారతాయి, మారాయి కూడా. రోచ్ అనే జంతువు సైన్యంలో ఒక్కరి చోటు తీసుకునేది, బీటా ముగిసేలోపే దాన్ని ఇద్దరికి పెంచారు. బీటా పెట్టేదే అందుకు.

2021కి వద్దాం. ఈలోగా ఈ నేల మీద తీగ మారింది. 2017 డిసెంబర్‌లో వెలగపూడి సచివాలయంలో రాష్ట్రపతి కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైంది, తొలి ప్యాకేజీ నెలకు 149 రూపాయలు. కరోనా వచ్చి హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగులను సొంతూళ్లకు పంపింది. పర్చూరు, మార్టూరు, ఇంకొల్లు ఇళ్లలో పగలు ఆఫీసు కాల్స్, రాత్రి ఆట. సెప్టెంబర్ అంటే పత్తికి మందు కొట్టే రోజులు, మిర్చి నారు నాటుకునే రోజులు. వారాంతంలో ఇంట్లో పెద్దలు చేలో ఉంటే మేడ మీద గదిలో ఒకడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కోట కడుతుంటాడు. 2010లో ఒకే గదిలో ఉన్న ఎనిమిది మందీ ఇప్పుడు ఎనిమిది ఊళ్లలో ఉన్నారు. ఆటలో కూడా ఒకేసారి ఎనిమిది మందికి చోటుంది.

ఏజ్ ఫోర్ మీద తొలి మాటల్లో ఎక్కువ కంటికి సంబంధించినవి. రంగులు మరీ బొమ్మల పుస్తకంలా ఉన్నాయన్నారు. కెమెరాను తగినంత వెనక్కి లాగలేకపోతున్నామన్నారు. ఈ రెండో మాట నిజం. ఏజ్ టూలో ఊరంతా ఒక చూపులో పట్టుకున్న కళ్లకు కిటికీలోంచి తొంగి చూస్తున్నట్టే ఉండేది. మూడో మాట బాణాల గురించి. ఏజ్ టూలో బాణం వస్తుంటే గుర్రాన్ని పక్కకు తిప్పి తప్పించుకోవచ్చు, ఏజ్ ఫోర్‌లో వదిలిన బాణం తగిలే తీరుతుంది. నేర్పు చూపించే చోటును కోసేశారని పాత ఆటగాళ్లు బాధపడ్డారు.

ఇక్కడే రెండు బీటాలను పక్కపక్కన పెట్టి చూడాలి. తప్పని బాణం వల్ల రెప్పపాటు విలువ తగ్గింది. విలువ తగ్గడంతో దూరపు సర్వర్ వల్ల వచ్చే నష్టమూ తగ్గింది. మార్టూరులో కూర్చున్నవాడు ఎక్కడో మంచి లైన్ మీద ఆడేవాడితో తలపడినప్పుడు, స్టార్‌క్రాఫ్ట్ టూలో మొదటి మూడు నిమిషాల్లో పడే దెబ్బ ఇక్కడ పడదు. ఎప్పుడు ఏ యుగానికి వెళ్లాలి, బంగారు గని ఎప్పుడు వదలాలి, గోడ ఎక్కడ కట్టాలి అన్న నిర్ణయాలే ఆటను తేలుస్తాయి. సర్వర్‌కు దగ్గరగా ఉన్న విమర్శకుడికి లోపంగా కనిపించినది దూరంగా ఉన్నవాడికి న్యాయం. దీన్ని ఆనాటి సమీక్షల్లో నేను చూడలేదు. సమీక్ష రాసేవాడు ఆడిన తీగ ఏదో సమీక్షలో ఉండదు.

అసమానత విషయంలోనూ తేడా ఉంది. మన పల్నాట గుడి అరుగుల మీద గీసుకుని ఆడే పులిజూదంలో పులులు మూడు, మేకలు పదిహేను. పులి దూకి చంపుతుంది, మేకలు చుట్టుముట్టి కదలనివ్వకుండా చేస్తాయి. రెండు పక్షాలకూ ఒకే నియమం లేదు, అయినా ఆట సమమే. స్టార్‌క్రాఫ్ట్ మూడు జాతులు ఈ తరహావే: టెర్రన్, జెర్గ్, ప్రోటాస్ ఒకదానితో ఒకటి ఏ మాత్రం పోలవు. ఏజ్ టూలో మాత్రం అందరిదీ దాదాపు ఒకే సైన్యం, చిల్లర తేడాలే. ఏజ్ ఫోర్ విడుదలైనప్పటి ఎనిమిది నాగరికతల్లో ఆ తేడాను బాగా పెంచింది. అందులో ఢిల్లీ సుల్తానేట్ ఉండటం మనవాళ్లను ఎక్కువగా లాగింది. ఢిల్లీకి పరిశోధన ఖర్చు లేదు, కానీ తీరిగ్గా జరుగుతుంది. మసీదులో పండితుల్ని కూర్చోబెడితే వేగం పుంజుకుంటుంది. పవిత్ర స్థలాలను మిగతావాళ్లు మూడో యుగం దాకా ముట్టలేరు, ఢిల్లీ పండితుడు రెండో యుగంలోనే వెళ్లి జెండా పాతేస్తాడు. టవర్ ఆఫ్ విక్టరీ కడితే దాని పక్కగా నడిచిన కాల్బలానికి దెబ్బ వేగం పెరుగుతుంది. యుగం మారేకొద్దీ సైనికుల మాట కూడా మారుతుంది. ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే.

నచ్చినా ఒక వెలితి ఉంది. 1323లో కాకతీయుల ఓరుగల్లు ఢిల్లీ సైన్యం వశమైంది. ఆ తర్వాత కొద్ది కాలానికే ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రాజ్యం నిలబెట్టాడు, అనవోతారెడ్డి దాన్ని కొండవీటికి మార్చాడు. కొండవీడు గుంటూరు పక్కనే. ఆ కోట చూసి పెరిగినవాడు ఆటలో ఢిల్లీ ఏనుగుల్ని నడిపిస్తాడు, ఎదురు నిలిచిన పక్షాన్ని నడిపే వీలు మాత్రం లేదు. 2022 ఏప్రిల్‌లో ఏజ్ టూ కొత్త కూర్పుకు డైనాస్టీస్ ఆఫ్ ఇండియా జతయినప్పుడు ద్రవిడులు వచ్చారు, రాజేంద్ర చోళుడి కథ వచ్చింది, సైనికులు తమిళం పలికారు. కాకతీయులకు విడిగా చోటు దక్కలేదు. కొండ మీది కోటను కేంద్రంగా పెట్టుకుని, మోటుపల్లి రేవు వర్తకం మీద బతికే ఒక నాగరికతను ఈ ఆటల నియమాల్లో పెట్టడం కష్టమేమీ కాదు. ఎవరైనా పెడితే మొదటి వారాంతమే ఆడతాను.

ఏజ్ ఫోర్ విడుదలైన కొద్ది రోజులకే రంగుల గొడవ చల్లబడింది. ఆ తర్వాత ఆటను శాసించింది స్ప్రింగల్డ్ అనే బల్లెపు యంత్రం. ఎవరి సైన్యం చూసినా అవే వరుసలు, కంపెనీ దాని బలం తగ్గించేదాకా అదే పాట. బీటా రోజుల్లో రంగు గురించి సాగినంత చర్చ దీని గురించి సాగలేదు. స్టార్‌క్రాఫ్ట్ టూలోనూ ఇంతే. తేలికైందన్న గోల పోయింది, మ్యాపులు పెద్దవయ్యాయి, లేవని మొత్తుకున్న చాట్ గదులు 2011 జనవరిలో వచ్చాయి. లాన్ మాత్రం రాలేదు. 2010లో ఈ మైదానాల నుంచి వచ్చిన ఫిర్యాదుల్లో నిలిచింది అదొక్కటే.

ఏజ్ ఫోర్‌లో మల్టీప్లేయర్ ఆడాలన్నా కంపెనీ సర్వీసులో లాగిన్ కావాల్సిందే. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు కూడా ఇంటర్నెట్ మీదికి వెళ్లి కలవాలి. ఎందుకలా అని 2010లో నెట్ సెంటర్లన్నీ అడిగాయి, 2021లో మాలో ఎవరూ నోరెత్తలేదు. నెట్ సెంటర్లు అప్పటికే జెరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపులైపోయాయి. అడగాల్సినవాళ్లు ఎవరిళ్లలో వాళ్లు ఉన్నారు. రంగు బాగాలేదని అందరూ అన్నారు, గది పోయిందని ఒక్కరూ అనలేదు.

ఆటగా నా ఓటు స్టార్‌క్రాఫ్ట్ టూకే, దాని మూడు జాతుల పొందికకు దగ్గరగా వచ్చిన ఆట ఇంకొకటి లేదు. బీటాగా మాత్రం ఏజ్ ఫోర్ మేలు. సెప్టెంబర్ వారాంతంలో కీ కోసం ఎదురుచూపు లేకుండా, ఇంకొల్లులోనివాడు కూడా మొదటి రోజే సొంత చేత్తో ఆడి మాట్లాడగలిగాడు, ఇంకొకరి వీడియో చూసి కాదు. తరవాత వచ్చే ఏ ఆట బీటాలోనైనా నేను మొదట చూసేది రంగు కాదు, ఏ సైన్యం బలం ఎంతన్నదీ కాదు. పక్క కుర్చీలో ఉన్నవాడితో నేరుగా ఆడనిస్తారా, మన వైపు సర్వర్ ఎంత దూరంలో పెడతారు అన్న రెండూ చూస్తాను. బీటాలో ఈ రెండింటి మీద గట్టిగా అడగకపోతే విడుదలయ్యాక ఎంత అరిచినా ప్యాచ్‌లో రావు.