రెండు ఫ్యూజుల బండికి ఈసీయూ

బండి ఒళ్లు అలాగే ఉంచి ఇంజిన్ మార్చడం షెడ్డు మెకానిక్‌లు పుట్టించిన చోద్యమేమీ కాదు. ముందు బండి తయారుచేసిన కంపెనీయే ఆ పని చేసింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులోంచి 1950ల చివర్లో వచ్చిన అంబాసిడర్, 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీ ఆగేదాకా దాదాపు అదే ఆకారంతో నెట్టుకొచ్చింది. లోపల మాత్రం మొదట సైడ్ వాల్వ్ ఇంజిన్, తర్వాత 1489 సీసీ బీఎంసీ ఇంజిన్, ఆపైన డీజిల్, 1990ల మొదట్లో 1817 సీసీ ఇసుజు. హైదరాబాద్ నాంపల్లిలో అసెంబ్లీ దగ్గర ఒకప్పుడు బారులు తీరిన తెల్ల అంబాసిడర్లు చూడ్డానికి ఒకే తల్లి పిల్లలు. సెల్ఫ్ కొడితే గానీ ఏది ఏ కాలానిదో బయటపడేది కాదు.

అందుకే పాత అంబాసిడర్‌లో ఇసుజు ఇంజిన్ దించడాన్ని నేను మార్పు కింద లెక్కేయను. గేర్‌బాక్సుతో సహా అది ఆ ఇంటి వస్తువే. అసలు పని ఇవాళ్టి కార్ల ఇంజిన్ తెచ్చినప్పుడు మొదలవుతుంది. మన చిన్న కార్లలో చాలావాటికి ఇంజిన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది. అంబాసిడర్‌కూ, జీపుకూ, పద్మినికీ నిలువుగా కూర్చుని వెనక చక్రాలను తిప్పే ఇంజిన్ కావాలి. కాబట్టి చూపు జిప్సీ, బొలేరో, క్వాలిస్ లాంటి బండ్ల మీదికి పోతుంది. ఇంజిన్ ఒక కంపెనీది, గేర్‌బాక్సు ఇంకో కంపెనీది అయితే నడుమ అడాప్టర్ ప్లేటు లేతు మీద తయారు కావాలి. క్రాంక్ షాఫ్టుకూ గేర్‌బాక్సు షాఫ్టుకూ కేంద్రం వెంట్రుకంత తప్పినా క్లచ్ అదురుతుంది, బేరింగ్ అరుస్తుంది. సంప్ వెళ్లి స్టీరింగ్ రాడ్డుకో క్రాస్ మెంబరుకో తగులుతుందా అన్నది ఇంకో లెక్క. తగిలితే సంప్‌ను కోసి అతకాలి గానీ చాసిస్‌ను కోయకూడదు. బలం పెరిగింది కనుక ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేయకుండా బండి రోడ్డెక్కించడం ప్రాణాలతో చెలగాటం.

ఇదంతా ఒక ఎత్తు, కరెంటు ఒక ఎత్తు. మోరిస్ కాలపు వైరింగులో ఫ్యూజులు రెండే. డైనమో గట్టిగా తిరిగితే 22 ఆంపియర్లు ఇస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగితే దాదాపు ఏమీ ఇవ్వదు. కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ ఇంజిన్‌కు అలా కుదరదు. ఇంజెక్టర్లకూ, పెట్రోలు పంపుకూ, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరైన ఈసీయూకూ ఎడతెగకుండా స్థిరమైన వోల్టేజి అందాలి. కాబట్టి డైనమో, కటౌట్ పోయి ఆల్టర్నేటర్ వస్తుంది. అరవైల నడిమిదాకా వచ్చిన బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ కొసే బాడీకి ఎర్త్. అది తిప్పడం మరిచి ఈసీయూ తగిలిస్తే వేల రూపాయల పెట్టె క్షణంలో బూడిద. ఇంజిన్ ఇచ్చిన దాత బండి తాళంచెవిలోని చిప్, దాన్ని గుర్తుపట్టే రింగు కూడా ఈసీయూతో పాటే రావాలి. లేకపోతే ఇమ్మొబిలైజర్ ఇంజిన్‌ను లేవనివ్వదు. కేబుల్‌తో తిరిగే స్పీడోమీటరు ఈసీయూకు వేగం చెప్పలేదు కనుక గేర్‌బాక్సు దగ్గర స్పీడ్ సెన్సర్‌ను విడిగా అమర్చాలి. కార్బ్యురేటర్‌కు పావు బార్ ఒత్తిడితో పెట్రోలు చాలు, ఇంజెక్టర్లకు దాదాపు మూడు బార్లు కావాలి. పాత రబ్బరు పైపు ఆ ఒత్తిడికి చిట్లుతుంది, పాత ట్యాంకు తుప్పు ఇంజెక్టర్ మూతి మూస్తుంది.

ఈ పనికి కావలసిన చేతి నేర్పు అబిడ్స్‌కు కొత్త కాదు. జగదీష్ మార్కెట్‌లో సెల్‌ఫోన్ బోర్డు మీద ఆవగింజంత ముక్కను భూతద్దం కింద ఊడదీసి మళ్లీ అతికేవాళ్లున్నారు. కోఠీ వైపు నడిస్తే ట్రూప్ బజార్‌లో వైర్లూ స్విచ్చులూ అమ్మే దుకాణాల వరసలు. బండి సామాను మాత్రం సికింద్రాబాద్ రాణీగంజ్‌లో వెతుక్కోవాలి. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ కొత్త వైరింగు గుత్తిని పాతదానితో కలపడు. ఇంజిన్‌కు ఒకటి, లైట్లు, హారన్‌కు ఇంకొకటి వేరుగా వేసి, రెండింటికీ కలిపి ఒకే దళసరి ఎర్త్ వైరు బిగిస్తాడు. విప్పి తీసేస్తే పాతది పాతగానే మిగులుతుంది. పనివాడి విలువ నాకు అక్కడే కనబడుతుంది: బోల్టులు విప్పి పాత ఇంజిన్‌ను మళ్లీ కూర్చోబెట్టగలిగితే అది మార్పు, చాసిస్ కోసి వెల్డింగ్ కొడితే అది విధ్వంసం. లక్షల్లో తయారైన అంబాసిడర్‌కు ఈ సాహసం చెల్లుతుంది. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం రోల్స్ రాయిస్ లాంటిదానికి చెల్లదు.

చట్టం ఇంత తీరిగ్గా ఆలోచించదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. 2021 జూలై నిబంధనల్లో యాభై ఏళ్లు దాటిన సొంత బండ్లకు ‘వీఏ’ సిరీస్ నంబరు ఇస్తామన్నారు. పదేళ్ల రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారకుండా ఉండాలి, రోజూ తిప్పకూడదు. అంటే వింటేజ్ హోదా కావాలంటే పాత ఇంజిన్‌తోనే ఉండాలి, అదీ ప్రదర్శనలూ ర్యాలీల్లాంటి వాటికే.

అదే 52వ సెక్షన్ బ్యాటరీకి మాత్రం తలుపు తెరిచే ఉంచింది. అనుమతి పొందిన కిట్‌తో, షరతులకు లోబడి పెట్రోలు బండిని కరెంటు బండిగా మార్చుకోవచ్చు. కాకపోతే ఆ అనుమతులు మోడల్‌వారీగా తీసుకోవాలి. రోడ్ల మీద ఎక్కువగా తిరిగే ఆల్టో లాంటి కార్ల కోసమైతే కంపెనీలు ఆ ఖర్చు పెట్టుకుంటాయి గానీ, ఊరికి పది మిగిలిన పద్మిని కోసం ఎవరు పెట్టుకుంటారు? దాని యజమాని షెడ్డుకు పోయేముందు ఆర్సీ పట్టుకుని ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లాల్సిందే.