వేరైనది ఏది?

అయిదో తరగతి పిల్లలున్న ఇంట్లో ఇప్పుడు పంచాంగం లేకపోయినా ఫరవాలేదు గానీ, ‘రీజనింగ్’ గైడు లేకపోతే తల్లికి నిద్ర పట్టదు. మా చీమకుర్తిలోనూ అంతే. గ్రానైటు క్వారీలో గుమాస్తా భార్యా, మిరప పండించే రైతు ఇల్లాలూ ఒకే గైడు కొంటారు. ఒకరి కోరిక ఒంగోలు నవోదయ, మరొకరిది కోరుకొండ సైనిక్ స్కూలు. కోరిక మంచిదే. నవోదయలో మూడోవంతు సీట్లు ఆడపిల్లలవి. సైనిక్ స్కూళ్లూ 2021-22 నుంచి వాళ్లకి తలుపులు తెరిచాయి. నా పేచీ అల్లా ఆ గైడుతోనే.

నవోదయ పరీక్షలో 80 ప్రశ్నలకి 40 మేధాశక్తివి. అవన్నీ బొమ్మలే, మాటలతో పనిలేదు. సైనిక్ స్కూలు ఆరో తరగతి పరీక్షలో తెలివితేటల ప్రశ్నలు 25. మాటల తిరకాసులుండేది అక్కడ. ఈ తేడా చూడకుండా రెండూ కలిపి పిల్లల నెత్తిన రుద్దేవాళ్లు ఎందరో!

పత్తి, మిరప, పొగాకు, వరి – వీటిలో వేరైనది ఏది? గైడు పద్ధతిలో జవాబు ‘వరి’. మిగతా మూడూ వాణిజ్య పంటలు కదా! మా పక్కింటి పిల్ల మాత్రం తడుముకోకుండా “పొగాకు” అంది. ఎందుకే అంటే, “దాన్నొక్కదాన్నే బ్యారన్‌లో పెట్టి కాలుస్తారు అత్తయ్యా” అంది. ఇందులో తప్పేముంది చెప్పండి? గైడు వెనక పేజీలో కారణం ఉండదు, ఒక అక్షరం ఉంటుంది. ఆ అక్షరం చూసి తల్లి ఇంటూ కొడుతుంది. అలా నాలుగుసార్లు కొడితే పిల్ల ఆలోచించడం మానేసి మన మొహం చూడటం మొదలెడుతుంది.

చుట్టరికాల లెక్కలు మరీ విడ్డూరం. నాన్న చెల్లెలి కూతురు రాముకి ఏమవుతుంది? ఇంగ్లీషులో ‘కజిన్’ అనేస్తే సరి. మన పిల్లవాడు ఆగుతాడు. రాముకన్నా పెద్దదైతే వదిన, చిన్నదైతే మరదలు. అదే అమ్మ చెల్లెలి కూతురైతే అక్కో చెల్లెలో! వాడు ఆగింది తెలియక కాదు, ప్రశ్నలో చెప్పని వయసు కోసం. తర్జుమా చేసిన పుణ్యాత్ముడికి ఆ సంగతి తట్టదు.

ఇలాంటి పరీక్షలకి ఆద్యుడు ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ బినే. 1905లో ఆయన తన పరీక్ష తయారుచేసింది బడిలో సాయం కావలసిన పిల్లల్ని గుర్తించడానికి. మనం జల్లెడ పట్టడానికి వాడుతున్నాం. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే ‘శాట్’ పరీక్షలోంచి ‘దీనికి అది, మరి దానికేది’ తరహా ప్రశ్నల్ని 2005లో తీసేశారు కూడా.

అలాగని పరీక్ష మానిపించమనను. ఉన్న సీట్లు కొద్ది, పోటీ నిజం. జవాబు చూసేముందు మాత్రం “ఎందుకు?” అని అడగండి. పిల్ల చెప్పిన కారణం సబబైతే ముందు మెచ్చుకుని, “ప్రశ్న ఇచ్చినాయన మనసులో ఏముందంటావ్?” అని రెండో మాట అడగండి. అప్పుడు తన ఆలోచన తప్పు కాదనీ, పరీక్షకి మాత్రం ఇంకో దారి పట్టాలనీ దానికి తెలుస్తుంది. గడియారం ముందు పెట్టి చేయించడం ఆఖరి నెలలో చాలు. అంతవరకూ కూర తరుగుతూ రెండు పొడుపుకథలు వెయ్యండి. మాటల్లో మెలిక పట్టుకోవడం మన అమ్మమ్మలు నేర్పింది అలాగే.

సీటు వస్తే సంతోషం. రాకపోయినా, “ఎందుకు” అని అడిగే బుర్ర ఇంట్లోనే ఉంటుంది. దాన్ని మాత్రం గైడుకి తాకట్టు పెట్టకండి.