ఆ బుట్టలో ఏముంది?

పొద్దు వాలుతున్న వేళ, పొలంలో ఇద్దరు నిలబడి ఉన్నారు. మగమనిషి టోపీ తీసి రెండు చేతులా పట్టుకున్నాడు. ఆడమనిషి చేతులు జోడించి గుండెలకు ఆనించుకుంది. ఇద్దరి తలలూ వంగి ఉన్నాయి. వాళ్ల మధ్య నేలమీద బంగాళాదుంపల బుట్ట, అతని పక్కన మట్టిలో గుచ్చిన పళ్ల పార, ఆమె వెనక బస్తాలు వేసిన తోపుడుబండి, దూరంగా ఆకాశం అంచున చర్చి శిఖరం. ఫ్రెంచి చిత్రకారుడు జాన్ ఫ్రాన్స్వా మిలే 1857-59 మధ్య గీసిన ఈ చిత్రం పేరు 'ఏంజెలస్'. వెడల్పు 66 సెంటీమీటర్లు, ఎత్తు అంతకన్నా తక్కువ. ఇంత చిన్న గుడ్డముక్క మీద నూటయాభై ఏళ్లలో ఎన్ని అర్థాలు వచ్చి పడ్డాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చూసేవాళ్లను బట్టి చిత్రం అర్థం మారుతుందని అందరూ ఒప్పుకునే మాటే. కాని ఆ మాట అనేసి చేతులు దులుపుకుంటే అసలు పని ఎగ్గొట్టినట్టే. మారిన అర్థాల్లో ఏది గట్టిది, ఏది తాలు అన్నది కూడా తేల్చాలి కదా. నా లెక్కలో కొలత ఒక్కటే: ఆ అర్థం విన్నాక చిత్రంలో మనకు అంతకుముందు కనపడనిది ఏమైనా కనపడిందా? కనపడితే, ఆ అర్థం తప్పే అయినా పనికొచ్చే తప్పు. కనపడకపోతే, ఎంత గౌరవమైన అర్థమైనా చిత్రానికి తొడిగిన చొక్కా మాత్రమే.

ముందు మిలే సంగతి. నార్మండీలో రైతు కుటుంబంలో 1814లో పుట్టాడు, పొలం పనులు చేస్తూ పెరిగాడు, 1849 నుంచి పారిస్‌కు దగ్గర్లోని బార్బిజాన్ పల్లెలో స్థిరపడ్డాడు. ఏంజెలస్ అంటే కథోలికులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చర్చి గంట వినగానే చెప్పుకునే జపం. మన తెలుగు కథోలిక ఇళ్లలో దాన్ని త్రికాల జపం అంటారు. కాబట్టి గుంటూరు వైపు ఏ విచారణ గురువుకో ఈ బొమ్మ చూపిస్తే ఆ ఇద్దరూ ఏం చేస్తున్నారో అడగకుండానే చెబుతాడు. 1865లో మిలే తానే చెప్పుకున్నాడు: పొలంలో పని చేస్తుంటే గంట వినపడగానే నాయనమ్మ అందరి చేతా పని ఆపించి, చనిపోయినవాళ్ల కోసం జపం చెప్పించేదని, ఆ జ్ఞాపకమే ఈ బొమ్మ అని. చిత్రాన్ని ముందు ఒక అమెరికన్ పురమాయించాడని, అతను తీసుకోకపోవడంతో మిలే తర్వాత ఆ చర్చి శిఖరం చేర్చి పేరు మార్చాడని కూడా చెబుతారు. అదే నిజమైతే భక్తి అన్నది ఈ చిత్రంలో మొదటే వేసిన పునాది కాదు, చివర్లో వేసిన చిన్న గీత. ఆ శిఖరాన్ని బొటనవేలితో మూసి చూడండి. పంట తక్కువ పండిందని దిగులుపడుతున్న ఇద్దరు మిగులుతారు.

ఏంజెలస్ మొదలుపెట్టిన 1857లోనే మిలే 'పరిగ ఏరుకునే ఆడవాళ్లు' ప్రదర్శనకు పెట్టాడు. కోతలయ్యాక రాలిన కంకులు ఏరుకునే ముగ్గురు పేద స్త్రీలు, అంతే. పారిస్ విమర్శకుల్లో ఒకరికి మాత్రం వాళ్ల వెనక తిరుగుబాటుదార్ల బల్లేలు, 1793 నాటి వధ్యశిలలు కనిపించాయి. 1848 విప్లవం జరిగి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు, పెద్దమనుషులకు భయం తీరలేదు. అదే చేయి, అదే పల్లె, అదే పేదరికం. ఒకటేమో అల్లరిమూకగా కనపడింది, ఇంకొకటి కొన్నేళ్లకు బుద్ధిగా తలవంచుకున్న పల్లెటూరి భక్తిగా ఇంటింటి గోడ ఎక్కింది. నడుం వంచితే బెదురు, తల వంచితే ముద్దు! చూసేవాళ్ల అవసరం ఎంత బలంగా పనిచేస్తుందో ఇంతకన్నా వేరే రుజువు అక్కర్లేదు.

అవసరం చిత్రాన్ని పూర్తిగా మింగేసిన సందర్భం 1889 జూలైలో వచ్చింది. సెక్రెతాన్ అనే వ్యాపారి సేకరణ పారిస్‌లో వేలానికి వచ్చింది. ఏంజెలస్ కోసం ఫ్రెంచి ప్రభుత్వం తరఫున పాడినవాళ్లు అమెరికన్లతో పోటీపడి 5,53,000 ఫ్రాంకుల దాకా వెళ్లారు. మిలే చనిపోయి అప్పటికి పద్నాలుగేళ్లు. ఆ చిత్రం తొలిసారి అమ్ముడైన ధర ఇందులో వందో వంతు కూడా లేదు. పాట గెలిచారు గాని పార్లమెంటు డబ్బు మంజూరు చేయలేదు. చిత్రం అమెరికా వెళ్లింది, ఊరూరా ప్రదర్శనలిచ్చారు, జనం టికెట్టు కొని చూశారు. మరుసటేడాది షోషార్ అనే పారిస్ దుకాణాల కోటీశ్వరుడు ఇంకా పెద్ద మొత్తం పోసి దాన్ని ఫ్రాన్సుకు తెచ్చాడు. 1909లో అతను పోయాక వీలునామా ప్రకారం దేశానికి దక్కింది. ఈ ఇరవై ఏళ్లలో ఏంజెలస్ అంటే దేశం పరువు, ధర, పందెం. ఆ రోజుల్లో దాని గురించి రాసిన కాగితాలకు లెక్కలేదు. కాని ఆ ఆడమనిషి చేతుల గురించి కొత్తగా ఒక్క ముక్క తెలిసిందా అంటే సందేహమే. ఇది నేను తాలు అన్న రకం. అలాగని ఆ గోలంతా వృథా పోలేదు. చిత్రకారుడి వారసులు చేతులు ముడుచుకుని చూస్తుంటే చిత్రాన్ని చేతులు మార్చినవాళ్లు లక్షలు గడించడం ఏమిటన్న చర్చకు ఈ చిత్రమే పెద్ద ఉదాహరణ అయింది. తిరిగి అమ్మినప్పుడు కళాకారుడికీ వారసులకూ వాటా ఇచ్చే చట్టం ఫ్రాన్సులో 1920లో వచ్చింది. మన కాపీరైటు చట్టంలోనూ 1994 సవరణతో అలాంటి నిబంధన చేరింది. చట్టానికి మంచిదే. చూపుకు మాత్రం ఒరిగిందేమీ లేదు.

ఇక స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ. 1930ల్లో ఈయన ఈ చిత్రం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అది అచ్చయింది మాత్రం 1963లో. డాలీకి ఇందులో భక్తి కనపడలేదు. ముందుకాళ్లు ముడుచుకుని మగపురుగును కబళించడానికి కాచుకున్న ఆడ గొల్లభామ కనిపించింది ఆమెలో. అతను టోపీ చాటున సిగ్గు దాచుకుంటున్నాడన్నాడు. అంతటితో ఆగక, వాళ్లు నిలబడింది దుంపల బుట్ట ముందు కాదు, పాతిపెట్టిన బిడ్డ ముందు అన్నాడు. ఇదంతా డాలీ మనసులోని చెత్త తప్ప మిలేకు సంబంధం లేదని కొట్టిపారేయొచ్చు, నేనూ చాలావరకు ఒప్పుకుంటాను. కాని ఇది విన్నాక మళ్లీ చిత్రం ముందుకు వెళితే జరిగేది వేరు. ఇద్దరి మధ్య ఎంత దూరం ఉందో అప్పుడు తెలుస్తుంది. పక్కపక్కనే ఉన్న భార్యాభర్తలనుకున్నాం, వాళ్లు ఒకరినొకరు చూసుకోవడం లేదు, తాకడం లేదు. ఆమె పక్కకు తిరిగి అతని వైపు వంగి ఉంది, అతను బిగుసుకుపోయి ఉన్నాడు. అతని వేళ్లు టోపీని పట్టుకున్న తీరు జపం చేసేవాడిలా ఉందా, ఏం చేయాలో తోచనివాడిలా ఉందా? అన్నిటికన్నా ముఖ్యం, వెలుగంతా వాళ్ల వెనక ఉంది, ముఖాలు నీడలో ఉన్నాయి. భక్తి పటాలు గీసేవాళ్లు మొట్టమొదట వెలిగించేది ముఖాన్నే. మిలే ఆ పని చేయలేదు. డాలీ సిద్ధాంతం తప్పు కావచ్చు, అతని కన్ను పడిన చోటు తప్పు కాదు.

దీనికి రాదగిన గట్టి అభ్యంతరం ఒకటుంది. గీసినవాడే సంగతి చెప్పాక మధ్యలో డాలీ ఎవరు? మిలే మాటను నేను తోసిపుచ్చడం లేదు, ఇంకొంచెం జాగ్రత్తగా వినమంటున్నాను. ఒకటి, ఆ మాట చెప్పింది చిత్రం పూర్తయిన ఆరేళ్లకు. అప్పటికి ఆయన కూడా దాన్ని వెనక్కి తిరిగి చూస్తున్నవాడే. రెండు, ఆయన చెప్పింది పంట చేతికొచ్చినందుకు కృతజ్ఞత గురించి కాదు, చనిపోయినవాళ్ల కోసం జపం గురించి. అంటే చావు ఈ పొలంలో మొదటినుంచీ ఉంది. లెక్కలేనన్ని నకళ్లలో పళ్లేల మీదా పోస్టుకార్డుల మీదా ఈ చిత్రాన్ని చల్లని సాయంత్రపు భక్తిగా పంచిపెట్టినవాళ్లు ఆ చావును తుడిచేశారు. పిచ్చిగానే అయినా దాన్ని మళ్లీ తవ్వి తీసింది డాలీ. మిలే మాటకు ఎవరు దగ్గరగా ఉన్నారో పాఠకులే చెప్పాలి.

ఎక్స్‌రే కథ అందరికీ ఇష్టం కనుక దాన్నీ ముగించేద్దాం. డాలీ పట్టుబట్టగా 1963లో లూవ్ర్ మ్యూజియంలో చిత్రానికి ఎక్స్‌రే తీశారు. బుట్ట దగ్గర రంగు పొరల కింద నలుపలకల ఆకారంలాంటిది కనిపించింది. శవపేటికే అన్నాడు డాలీ. కావచ్చు, మిలే ముందు ఇంకేదో గీసి వద్దనుకుని చెరిపి ఉండవచ్చు కూడా. కింద రంగు ఉందని ఎక్స్‌రే చెప్పగలదు, అది ఎందుకుందో చెప్పలేదు. నిజంగా అది పేటికే అయినా, మిలే దాన్ని కప్పేశాడన్నది కూడా అంతే నిజం. చిత్రకారుడు కప్పేసిందాన్ని అసలు అర్థం అనడం, కవి కొట్టేసిన పాదాన్ని అసలు పద్యం అనడం లాంటిదే.

అయితే ఎవరేమన్నా చెల్లుతుందా? చెల్లదు. నూటయాభై ఏళ్లలో ఇన్ని అర్థాలు చెప్పారు గాని దీన్ని సంబరం బొమ్మ అన్నవాళ్లు నాకు తెలిసి లేరు. వంగిన తలలు, ఖాళీ మైదానం, చిన్న బుట్ట దానికి ఒప్పుకోవు. చిత్రం తలుపులు తెరిచే ఉంచుతుంది, గోడలు మాత్రం ఉన్నాయి. దుంప పంట తెలిసిన జహీరాబాద్ రైతు దీని ముందు నిలబడితే ఎన్ని బస్తాలయ్యాయి, నేల ఎలాంటిది, కూలీలా సొంతదార్లా అని అడుగుతాడు. అవి కళా విమర్శకులు అంతగా అడగని ప్రశ్నలు, చిత్రంలోకి నేరుగా వెళ్లే ప్రశ్నలు. అలా అడగడానికి ఈ చిత్రాన్ని ఉంచిన పారిస్ ఓర్సే మ్యూజియం దాకా పోనక్కర్లేదు. 1880లో బెల్జియంలో ఉన్నప్పుడు చిత్రకారుడు వాన్ గో ఈ చిత్రాన్ని నకలు చూసే గీసుకున్నాడు. డాలీ చిన్నప్పుడు చూసిందీ బడి వరండాలో వేలాడిన నకలునే. 1889లో వేలం హాల్లో కూర్చున్నవాళ్లందరి ఎదుటా మాత్రం అసలు చిత్రమే ఉంది.