నాలుగు స్వరాల రాగం: సంగీతంలో విలువనిర్ణయానికి వస్తునిష్ఠత సాధ్యమా?

కీలకపదాలు: రాగలక్షణం, మహతి, బాలమురళీకృష్ణ, వస్తునిష్ఠత, ప్రాశ్నికులు, మనోధర్మం

ఒక సంగీతరచన గొప్పదని అన్నప్పుడు ఆ గొప్పతనం నాదంలో ఉన్నదా, వినేవాని చెవిలో ఉన్నదా అన్న ప్రశ్నను గాలిలో చర్చించడం కంటె ఒక నిర్దిష్ట వివాదం మీద పెట్టి పరీక్షించడం మేలు. గోదావరి సముద్రంలో కలిసే చోటికి చేరువలో, రాజోలు ప్రాంతపు శంకరగుప్తంలో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ మహతి, లవంగి, సుముఖం వంటి నాలుగు స్వరాల రాగాలను, సర్వశ్రీ వంటి మూడు స్వరాల రాగాన్ని కల్పించారు. 1980ల ఆరంభంలో వైణికుడు ఎస్. బాలచందర్ వాటిని తీవ్రంగా ఆక్షేపించారు. అయిదు స్వరాలైనా లేనిది రాగమే కాదన్నది ఆ ఆక్షేపణ సారం. రాగాన్ని ఒక వ్యక్తి ‘సృష్టించాను’ అనవచ్చునా అన్నది దానితో ముడిపడిన మరొక అభ్యంతరం.

దీనిని ఇద్దరు విద్వాంసుల స్పర్ధగా చెప్పి వదిలేయడం వల్ల విమర్శకు నష్టమే జరిగింది. ఆ స్వరక్రమం అంతకుముందు ఉన్నదా లేదా అన్నది గ్రంథాలు చూసి తేల్చవలసిన చారిత్రక విషయం. అది రాగమనిపించుకుంటుందా అన్నది లక్షణచర్చ. అది అందమైనదా, పాడదగినదా అన్నది విలువ ప్రశ్న. మొదటి రెంటికి దొరికిన సమాధానాన్ని మూడవదానికి తీర్పుగా వాడుకోవడం ఉభయపక్షాల వాదాల్లోనూ కనిపించే దోషం.

లక్షణచర్చనే తీసుకుందాం. ఔడవ, షాడవ, సంపూర్ణ విభాగం అయిదు స్వరాల దగ్గర మొదలవుతుందన్నది నిజమే. కాని ఆ హద్దు ఎలా ఏర్పడిందో చూడాలి. మతంగుడు బృహద్దేశిలో నాలుగు స్వరాలకు పరిమితమైన గానాన్ని మార్గసంగీతం నుండి వెలివేస్తూ, అది శబర, పులింద, కిరాతాదుల ప్రయోగమన్నాడు. ఆ జాబితాలో ఆంధ్రులూ ఉన్నారు! కనుక ఆ నియమం చెవి చెప్పినది మాత్రమే కాదు, ఎవరి పాట శాస్త్రమో ఎవరిది కాదో నిర్ణయించిన సామాజికమైన గీత కూడా. నాట్లపాటలూ జోలపాటలూ కొద్దిపాటి స్వరాలతోనే నడుస్తాయని డెల్టా పల్లెల్లో పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. అయితే మహతిని సమర్థించడానికి ఈ పాటల్ని సాక్ష్యానికి పిలవడం సరికాదు. మహతి పల్లె నుండి వచ్చినది కాదు. త్యాగరాజు, మానంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు అన్న గురుపరంపరలో శిక్షణ పొంది, డెబ్బైరెండు మేళకర్తలలోనూ కృతులు రచించిన పండితుని కల్పన. త్యాగరాజు వాడిన నవరసకన్నడ ఆరోహణలో నాలుగే స్వరాలున్నాయన్న వాదమూ నిలవదు. దాని అవరోహణ మిగిలిన స్వరాలను తెచ్చి కలుపుతుంది. ప్రధానంగా స, గ, ప స్వరాల మీదనే నడిచే హిందుస్తానీ మాల్‌శ్రీ ఇంతకంటె బలమైన దృష్టాంతం.

ఇక విలువ. మహతిలో ఉన్నవి షడ్జం, అంతరగాంధారం, పంచమం, కైశికినిషాదం. పాశ్చాత్య సంగీతంలో ఈ నాలుగూ కలిపి పలికిస్తే అది ‘డామినెంట్ సెవెన్త్’ అనే స్వరసంహతి; ఆ సంప్రదాయంలో పెరిగిన చెవికి అది ముగింపు కోసం ఎదురుచూసే అసంపూర్ణ స్థితి. తంబురా షడ్జం మీద నిలిచిన మన చెవికి అదే నాదసముదాయం విశ్రాంతినివ్వగలదు. కంపనాల నిష్పత్తులు ఒకటే, అర్థాలు వేరు. విలువను కొలతల్లో వెదికేవారికి ఇది చాలినంత జవాబు.

అంతమాత్రాన ‘ఎవరి రుచి వారిది’ అనలేము. ఒక సంప్రదాయంలో నిలబడి చూస్తే మహతి గురించి కారణసహితంగా చెప్పగలిగినవి ఉన్నాయి. ధైవతం అండ లేని నిషాదం షడ్జం వైపే ఒరగాలి. మధ్యమం లేనందున గాంధారానికి గమకపు చోటు తగ్గుతుంది. స్వరాల మధ్య ఎడం పెరిగి, అనుస్వరాల నేతకు బదులు శుద్ధంగా నిలిచే స్వరమే రాగభారాన్ని మోయాలి. అందువల్ల మహతి శోభ అధికభాగం గాయకుని కంఠనాదం మీద, స్థాయిల మధ్య అవలీలగా దూకే శక్తి మీద ఆధారపడుతుంది. బాలమురళి గాత్రానికి ఆ రెండూ పుష్కలం. నా అంచనాలో మహతి కృతికి చక్కగా ఒదుగుతుంది, దీర్ఘమైన ఆలాపనకు త్వరగా అలసిపోతుంది. దీనితో విభేదించేవారు అభిరుచిని కాక, గమకాన్నీ సంచారాన్నీ చూపి ఖండించవలసి ఉంటుంది. ఇక్కడ సాధ్యమైన వస్తునిష్ఠత అంతే. అది తక్కువేమీ కాదు.

డేవిడ్ హ్యూమ్ 1757లో అభిరుచికి ప్రమాణాన్ని నిష్ణాతులైన విమర్శకుల సమష్టి తీర్పులో వెదికాడు. భరతుడు నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలో ఇంకా ఆచరణయోగ్యమైన మార్గం చూపాడు: ప్రాశ్నికులుగా ఛందోవేత్త, శబ్దవేత్త, చిత్రకారుడు, వేశ్య, గాంధర్వవేత్త మొదలైన వారిని చెప్పి, ఎవరు ఎరిగిన విషయంలో వారిని నిర్ణేతలను చేశాడు. ఈ పద్ధతిలో చూస్తే లక్షణవేత్త తీర్పు లక్షణం వరకే చెల్లుతుంది.

1975లో వచ్చిన తమిళచిత్రం ‘అపూర్వ రాగంగళ్’లో ఎం.ఎస్. విశ్వనాథన్ మహతి ఆధారంగా కట్టిన పాట జనాదరణ పొందింది. అది మహతి పాటకు పనికివస్తుందని చూపుతుంది తప్ప విస్తారమైన రాగమని కాదు. పట్నం సుబ్రహ్మణ్య అయ్యరు కల్పించిన కదనకుతూహలం కూడా విస్తారమైన ఆలాపనల వల్ల కాక, ప్రధానంగా ఒక్క కృతి బలంతో కచేరీలలో స్థిరపడింది. దానిని ఇతరులు తమ గొంతులకు తెచ్చుకున్నారు. మహతిని కూడా బాలమురళి కంఠస్మృతి లేని విద్యార్థి ఒకడు ఆలపించినప్పుడు వినాలి.