ఎలుక తిన్న తేగ

మా నిడదవోలులో కార్తీకం నుంచి సంక్రాంతి దాకా తేగల కట్టలకు బేరమాడతాం తప్ప, ఇవి తినొచ్చా అని ఎవరూ అడగరు. రాలిన తాటిపండ్ల టెంకల్ని పాతరేసి, మొలకెత్తాక తవ్వి, తంపట పెట్టి కాల్చుకు తింటాం. లోపలి చందమామ కోసం పిల్లలు కొట్టుకుంటారు. తాతముత్తాతలు తిన్నారు, అదే పూచీ.

శ్రీలంకలో ఆ పూచీని అనుమానించారు. జాఫ్నా తమిళులు తేగల్ని ఎండబెట్టి, పిండి కొట్టి వండుకుంటారు. 1971లో శ్రీలంక పరిశోధకులు ఆ పిండిని ఎలుకల మేతలో కలిపి చూశారు. కాలేయం దెబ్బతింది, ఎదుగుదల కుంటుపడింది. 1980లో ఇంగ్లండులో మరికొందరు అందులోని విషాన్ని కొంతవరకు వేరుచేసి మళ్లీ ఎలుకలకే ఇచ్చారు.

తిండిని పరీక్షించడం అందులో కలిపే రంగును పరీక్షించినంత తేలిక కాదు. రంగైతే, ఎలుకకు ఏ హానీ చేయని మోతాదు పట్టుకుని నూరుతో భాగిస్తారు: ఎలుకకూ మనిషికీ ఉన్న తేడాకి పది, మనిషికీ మనిషికీ ఉన్న తేడాకి ఇంకో పది. తేగకు ఆ లెక్క కుదరదు. మనం తినేదానికి నూరు రెట్లంటే ఎలుక గిన్నెలో ఇంకేమీ పట్టదు. మేతలో సగం పిండే అయితే మాంసకృత్తులు చాలక ఎలుక చిక్కిపోతుంది. అది విషం పనో, పస్తు పనో ఎలా తేలుతుంది? అందుకే ఇంకో గుంపుకు అంతే మాంసకృత్తులు, అంతే శక్తి ఉన్న వేరే మేత పెట్టి, 90 రోజులు రెంటినీ తూస్తారు. తర్వాత రక్తం, చివరికి కోత. ఆ కోత నాకు మింగుడుపడదు. మన దేశంలో నైతిక సంఘం అనుమతి లేనిదే ఎలుకను ముట్టకూడదన్నది కాస్త ఊరట. అయినా ఆ పరీక్షకూ హద్దుంది: తల తిరుగుతోందని ఎలుక చెప్పలేదు, వాంతి చేసుకోనూ లేదు.

శ్రీలంక ఫలితం చూసి తేగ మానెయ్యమని నేననను. వాళ్లది ఎండిన పిండి, మనది కాల్చిన దుంప. నాలుగు నమిలేసరికి నార దవడను ఆపేస్తుంది కూడా. పిండికి ఆ అడ్డు లేదు. ఇప్పుడు తేగల్ని పిండిగా, బిస్కెట్లుగా అమ్మాలన్న మాట మన దగ్గరా వినిపిస్తోంది. వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అమ్మబోయే పిండినే, ఎంతసేపు ఎంత వేడి తగిలిందో రాసిపెట్టి, ముందు ఎలుకల గిన్నెలో పోయాలి. ప్యాకెట్టు మీద బొమ్మ ఆ తర్వాత వేసుకోవచ్చు.