పాలేరు మాట తప్పాడా?

నీతిశాస్త్రం పాఠాల్లో ఉదాహరణలు ఎక్కడెక్కడివో వస్తాయి. మునిగే పడవ, అదుపు తప్పిన రైలుబండి, తలుపు తట్టే హంతకుడు. మా ఇళ్లల్లో మొదటిసారి డిగ్రీ పట్టుకున్న మాకు వేరే ఉదాహరణ తెలుసు. గోదావరి డెల్టా మాల మాదిగ పేటల్లో ఎవరిని కదిపినా అదే చెబుతారు. తండ్రి రోగానికో పెళ్లికో ఆసామి దగ్గర అప్పు తెచ్చాడు. దానికింద పదేళ్ల కొడుకుని పాలేరుగా పెట్టాడు. ఏడాది నిండకుండానే పిల్లాడు బడికి పోయాడు. ‘మాటంటే మాటే కదరా, తిన్న బాకీ ఎగ్గొడతావా?’ అని ఆసామి గదమాయించాడు. పిల్లాడు చేసింది తప్పా?

గీతని అడిగితే స్వధర్మం విడవొద్దంటుంది. పుట్టుకే పనిని నిర్ణయించాక ఇక అడిగేదేముంది? అరిస్టాటిల్ సుగుణాల గురించి గొప్పగా చెప్పాడు. కొందరు పుట్టుకతోనే బానిసలని రాసిందీ ఆయనే. మన ఊళ్లలో పాలేరుకి దక్కే పెద్ద మెప్పు ‘నమ్మకస్తుడు’. ఆ సుగుణం ఎవరి గాదె నింపిందో చూడాలి.

ఎక్కువమందికి ఎక్కువ సుఖం అన్న సూత్రాన్ని మన ఊళ్లు తమకి అనువుగా వాడుకుంటాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా ధాన్యాగారమైంది. సార్వా, దాళ్వా రెండు పంటలూ పండాయి. మొత్తం సుఖం పెరిగింది, నిజమే. ఆ లెక్కలో పాలేరు కుర్రాడి పలక ఎక్కడుంది?

తీర్చే ఉద్దేశం లేకుండా అప్పు పుచ్చుకుని మాటివ్వడం తప్పని కాంట్ 1785లో రాశాడు. ఇది ఆసామికి బాగా పనికొచ్చే వాదన. అయితే మనిషిని కేవలం సాధనంగా వాడరాదన్నదీ కాంటే. ఆ మాటతో ఆసామినే నిలదీయొచ్చు. మాటిచ్చింది తండ్రి, చాకిరీ చేసింది కొడుకు.

కాబట్టి ఈ సిద్ధాంతాలన్నిటినీ పారేయమని మేం అనడం లేదు. వాటిని మనకి నేర్పే తీరులోనే లోపం ఉంది. మాట ఇచ్చేశాక చర్చ మొదలవుతుంది. ఆ మాట ఎలా పుట్టిందో ఎవరూ అడగరు. అంబేద్కర్ 1936లో ‘కులనిర్మూలన’లో నియమాన్నీ సూత్రాన్నీ విడదీశారు. నియమం ఇలా చెయ్యి అంటుంది. సూత్రం మనిషిని ఆలోచించి తేల్చుకోమంటుంది, బాధ్యత అతని మీదే పెడుతుంది. ‘మాట తప్పరాదు’ అన్నది నియమం. ‘మాటిచ్చేవాడికి కాదనే స్వేచ్ఛ ఉండాలి’ అన్నది మనం నిలబెట్టాల్సిన సూత్రం. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం అలాంటి బాకీలనే కొట్టేసింది. అంటే పిల్లాడు మాట తప్పలేదని చట్టం కూడా ఒప్పుకున్నట్టే.

చట్టం కంటే చాలా ముందే, స్వాతంత్ర్యం రాకముందే, మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో ఆ కుర్రాణ్ణి చదివించి పెద్ద అధికారిని చేశారు. అది చూసి పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బడికి పంపినవాళ్లున్నారని పెద్దలు చెబుతారు. ఏ నీతి గ్రంథమూ మన పేటల్లో ఇంత పని చెయ్యలేదు. అయినా మాకో అసంతృప్తి ఉంది. ఒకడు కుర్చీ ఎక్కితే వాడు వదిలిన పశువుల వెనక్కి ఎవడి కొడుకు వెళ్లాడు? ఒక్కడి గెలుపు ఆ ప్రశ్నకి జవాబు కాదు.

ఇప్పుడు పాలేరన్న మాట తగ్గింది. ఇటుకబట్టీ అడ్వాన్సు, గల్ఫ్ ప్రయాణానికి చేసిన అప్పు మాత్రం ఉన్నాయి. పాఠం చెప్పే మాస్టార్లకీ, సంఘాల్లో తిరిగే మిత్రులకీ మా విన్నపం ఒక్కటే. ‘మాట నిలబెట్టుకున్నాడా?’ అని అడిగే ముందు, ‘కాదనే వీలుందా?’ అని అడగండి.