ఫైలు పేరులోనే పని తెలియాలి

“పోయిన మాఘంలో మా పెద్దమ్మాయి పెళ్లికి మీరే వేశారు కదండీ, అదే కార్డు. పేర్లు మార్చి చిన్నదానికి వేసిపెట్టండి.” ఈ మాట వినని డీటీపీ ఆపరేటరు ఉండడు. డిజైను నచ్చింది, షాపు మీద గురి కుదిరింది, అందుకే అదే గడప తొక్కారు. అసలు పరీక్ష ఆ తర్వాత మొదలవుతుంది. డెస్క్‌టాప్ మీద “న్యూ”, “న్యూ1”, “కార్డ్ కరెక్షన్”, “ఫైనల్”, “ఫైనల్ లాస్ట్” అన్న ఫైళ్లు బారులు తీరి ఉంటాయి. ఒక్కొక్కటీ తెరిచి చూడాల్సిందే. అప్పుడు ఆ కార్డు చేసిన కుర్రాడు మానేసి వెళ్లిపోయి ఉంటే, వెతకడం కంటే మళ్లీ కొత్తగా చేయడమే నయమనిపిస్తుంది.

తెలుగు అచ్చుపనిలో వెనకటికి ఈ అయోమయం లేదు. సీసపు అక్షరాల రోజుల్లో కంపోజిటరు ముందు చెక్క కేసులుండేవి. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు, వేటి అర వాటిదే. తెలుగుకి కావలసిన అచ్చుముక్కలు ఇంగ్లీషుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి అరలూ ఎక్కువే. ఫారం అచ్చయ్యాక అక్షరాలన్నీ కడిగి, విడదీసి, మళ్లీ వేటి అరలో వాటిని వేయడం కంపోజింగ్‌తో సమానమైన పని. ‘మ’ వెళ్లి ‘య’ అరలో పడితే మర్నాటి ప్రూఫులో తప్పు తేలేది. వినాయకుడు, కలశం, పూర్ణకుంభం బ్లాకులు గోడబీరువాలో వాటి చోట అవి ఉండేవి. సర్దుబాటు చేతిపనిలో భాగం, దాన్ని నేర్చుకోనివాడికి అక్షరాలు పేర్చే స్టిక్ చేతికిచ్చేవారు కాదు.

కంప్యూటరు వచ్చాక ఆ శిక్షణ తెగిపోయింది. 1985లో ఆల్డస్ కంపెనీ పేజ్‌మేకర్ తెచ్చింది, 1989లో కోరెల్‌డ్రా వచ్చింది. మన ఊళ్లలో ఆ సాఫ్ట్‌వేర్లు నేర్పినవాళ్లు టూల్స్ నేర్పారు, షార్ట్‌కట్‌లు నేర్పారు. ఫైలును ఎక్కడ పెట్టాలో, ఏమని పిలవాలో చాలామంది నేర్పలేదు. సీసం అరలో తప్పు వేస్తే మర్నాడే తెలిసేది, ఫైలు తప్పుచోట పెడితే తెలిసేది రెండేళ్ల తర్వాత. అందుకే ఆ అలవాటును పట్టుబట్టి మళ్లీ చేసుకోవాలి.

మొదటి సూత్రం: ఒక పనికి ఒక ఫోల్డరు. దాని పేరు ఇలా ఉంటే చాలు: “2024-05-17_0318_శుభలేఖ_కొల్లి_తెనాలి”. ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు. మనకు అలవాటైనట్టు రోజును ముందు రాస్తే కంప్యూటరు అన్ని నెలల 17వ తేదీలనూ ఒకచోట పోగేస్తుంది. సంవత్సరం ముందుంటే కాలక్రమం దానంతటదే వస్తుంది. తేదీ మధ్య గీత ఏటవాలుగా పెడదామన్నా విండోస్ ఒప్పుకోదు, ఫైలు పేర్లలో ఆ గుర్తు నిషిద్ధం. ఇక్కడ వేయాల్సింది ఆర్డరు ఇచ్చిన తేదీ, పెళ్లి తేదీ కాదు. ముహూర్తం మారవచ్చు, ఆర్డరు తేదీ మారదు. తర్వాతి నాలుగంకెలు బిల్లు నంబరు. పేరంతటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే. శ్రీనివాస్ అన్న పేరును ఇంగ్లీషులో ఒక్కో ఆపరేటరు ఒక్కోలా రాస్తాడు, వెతికితే దొరకదు. బిల్లు నంబరును మాత్రం ఎవరు రాసినా ఒకేలా రాస్తారు. బిల్లు పుస్తకానికీ కంప్యూటరుకీ అదే వంతెన.

ఫోల్డరులో ఫోల్డరు, అందులో మరొకటి అంటూ లోతుకు తవ్వుకుపోవడం కూడా మంచిది కాదు. విండోస్‌లో మొత్తం దారి పేరు సాధారణంగా 260 అక్షరాలు దాటకూడదు, దాటితే కాపీ చేసేటప్పుడు మొరాయిస్తుంది. సంవత్సరం, నెల, పని, ఈ మూడు మెట్లు చాలు. పని ఫోల్డరు లోపల మ్యాటర్, బొమ్మలు, ఫాంట్లు, ప్రింటుకు వెళ్లినవి అని నాలుగు అరలు వేసుకోవాలి.

ఫాంట్లకు విడిగా ఒక అర ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, తెలుగు డిజైనుకు అసలు గండం అక్కడే ఉంది. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడుతున్న అను, శ్రీలిపి వంటి పాత ఫాంట్లు యూనికోడ్ కావు. తెరమీద ‘అ’ కనిపిస్తున్నా ఫైలు లోపల ఉన్నది ఏదో ఇంగ్లీషు అక్షరపు సంఖ్య. దాన్ని ‘అ’గా చూపేది ఆ ఫాంటు ఒక్కటే. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే శ్రీరస్తు, శుభమస్తు ఉండాల్సిన చోట అర్థంలేని గుర్తులు పరుచుకుంటాయి. ఒక కంపెనీ ఫాంటు స్థానంలో ఇంకో కంపెనీది పెట్టినా అంతే. వాడిన ప్రతి ఫాంటును పనితోపాటు దాచకపోతే, ఫైలు ఉండి కూడా లేనట్టే. ఈ పనికి సాఫ్ట్‌వేర్లలోనే ఏర్పాటుంది. ఇన్‌డిజైన్‌లో ప్యాకేజ్, కోరెల్‌లో కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్, పాత పేజ్‌మేకర్లో సేవ్ ఫర్ సర్వీస్ ప్రొవైడర్. ఇవి ఫాంట్లనూ బొమ్మలనూ ఒకేచోట చేరుస్తాయి. చాలామంది ఆ మెనూ జోలికే వెళ్లరు.

అక్షరాలను కర్వ్స్ చేసి దాచేస్తే సరిపోతుంది కదా అంటారు. ప్రెస్సుకు పంపడానికి సరిపోతుంది. కానీ కర్వ్స్ చేసిన క్షణం నుంచి అది అక్షరం కాదు, బొమ్మ. చెల్లెలి పెళ్లికి అక్క పేరు చెరిపి రాయడానికి వీలుండదు. అందుకని రెండూ ఉండాలి, దిద్దగలిగే ఫైలొకటి, కర్వ్స్ చేసిన ఫైలొకటి. వాటితోపాటు పీడీఎఫ్ కూడా. కొత్త కోరెల్‌లో సేవ్ చేసింది పాత కోరెల్‌లో తెరుచుకోదు, పీడీఎఫ్‌ను మాత్రం ఎక్కడైనా చూడవచ్చు. నేను వీటికి ఇంకొకటి చేరుస్తాను. మ్యాటరును యూనికోడ్‌లో ఒక మామూలు టెక్స్ట్ ఫైలుగా ఉంచాలి. అది ఏ ఫాంటు మీదా ఆధారపడదు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఇంటిపేరుతో వెతికితే దొరుకుతుంది. కొత్త పనులకు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి, రామభద్ర, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు వాడితే ఈ చిక్కు సగం తీరుతుంది.

బొమ్మల సంగతీ ఇలాంటిదే. పేజ్‌మేకర్ పెద్ద బొమ్మలను తనలో దాచుకోకుండా అవి ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకునే పద్ధతిలో పనిచేయగలదు. ఆ బొమ్మ ఉన్న ఫోల్డరును మార్చామా, లింకు తెగుతుంది. బొమ్మ మసకగా ముక్కలు ముక్కలుగా అచ్చవుతుంది.

ఇక “ఫైనల్” అన్న మాటను ఫైలు పేర్లలోంచి తీసేయాలి. ఫైనల్ తర్వాత మేనమామ గారు వచ్చి తన పేరు ముందు “శ్రీ” లేదంటారు. 01, 02, 03 అని అంకెలు వేసుకుంటూ పోవాలి, పాతవి చెరపకూడదు. పెళ్లివారు ప్రూఫు చదివి సంతకం పెట్టిన దానికి మాత్రమే చివర “ఓకే” అని చేర్చాలి. సంతకం పెట్టిన ఆ కాగితాన్ని ఫోను కెమెరాతో తీసి అదే ఫోల్డరులో వేయాలి. ముహూర్తం 10.32 బదులు 10.23 అని అచ్చయితే కార్డులన్నీ వృథా. పొరపాటు ఎక్కడ జరిగిందన్న మాట వచ్చినప్పుడు “ఓకే” ఫైలూ సంతకం ఫొటో పక్కపక్కన ఉంటే గొడవ ఉండదు.

సర్దింది నిలవాలంటే నకళ్లుండాలి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం మన షాపులకు అచ్చంగా సరిపోతుంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరేచోట. ఆ వేరే ప్రతి కంప్యూటరుకు తగిలించి ఉండకూడదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసే వన్నాక్రై వైరస్ ప్రపంచాన్ని చుట్టబెట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అలాంటిది సోకితే తగిలించి ఉన్న డిస్కునూ వదలదు. వాట్సాప్‌లో పంపుకున్న బొమ్మను నకలుగా లెక్కవేయకండి. ఫొటోగా పంపితే అది నాణ్యత తగ్గించి పంపుతుంది, డాక్యుమెంటుగా పంపితేనే ఉన్నదున్నట్టు వెళ్తుంది.

దాచడం ఎంత ముఖ్యమో, దాచకూడనివి తీసేయడమూ అంతే ముఖ్యం. జిరాక్సుకని, లామినేషనుకని వచ్చినవారి ఆధార్ కార్డులు, మార్కుల జాబితాలు డెస్క్‌టాప్ మీద అలాగే పడి ఉండడం చాలా షాపుల్లో చూస్తాం. అవి డిజైన్లు కావు, ఇంకొకరి ఆస్తి. పని అయిన రోజే చెరిపేయాలి.

ఇదంతా వ్యాపార సౌలభ్యం కోసమే అనుకోను. శివకాశి నుంచి కార్డులు ముద్రితమై వచ్చినా, వాటిపై మాటలు కూర్చేది మన ఊరి డీటీపీ ఆపరేటరే. హైదరాబాద్ ఛత్తా బజార్ కార్డుల్లో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ పక్కపక్కన కూర్చుంటాయి. “బంధుమిత్ర సపరివార సమేతంగా” అన్న పిలుపు ఏ జిల్లాలో ఎలా రాశారు, తాతముత్తాతల పేర్లు ఎంతవరకు వేశారు, పెళ్లికూతురి చదువు పేరు పక్కకు ఎప్పుడు చేరింది, ఇవన్నీ ఈ ఆపరేటర్ల హార్డ్ డిస్కుల్లోనే ఉన్నాయి. లైబ్రరీలు శుభలేఖలను సేకరించడం అరుదు.

డీటీపీ సెంటరు నడుపుతున్నవారికి నా మనవి ఒక్కటే. పాత ఫైళ్లన్నీ ఒక్కరోజులో సర్దాలని కూర్చోకండి, సగంలో విసుగొస్తుంది. రేపు పొద్దున వచ్చే మొదటి ఆర్డరు నుంచి మొదలుపెట్టండి. పాతవి ఎవరైనా అడిగి తీసినప్పుడు, తీసిన ఫైలును తీసినట్టే దాని ఫాంట్లతో సహా కొత్త పద్ధతిలో పేరు పెట్టి దాచండి. కొత్తగా చేరిన పిల్లలకు కోరెల్ నేర్పేముందు ఫోల్డరుకు పేరు పెట్టడం నేర్పండి.